లైన్‌లో ముందు చోటుకి ఎంత ఇవ్వొచ్చు? ఎన్‌ఎఫ్‌ఎల్ పిక్ ట్రేడ్‌ల వెనక కథ

2014 డిసెంబర్ 7, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాషింగ్టన్ టీమ్‌కి సొంత గ్రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్‌తో మ్యాచ్. ఆ రోజు టాస్‌కి రామ్స్ కోచ్ జెఫ్ ఫిషర్ ఏకంగా ఆరుగురు కెప్టెన్లని పంపాడు. మైఖేల్ బ్రాకర్స్, జనోరిస్ జెంకిన్స్, ఆలెక్ ఓగల్‌ట్రీ, గ్రెగ్ రాబిన్సన్, జాక్ స్టేసీ, స్టెడ్‌మన్ బెయిలీ. ఇంతమంది ఎందుకొచ్చారంటే, రెండేళ్ల ముందు వాషింగ్టన్ ఒకే ఒక్క కుర్రాడి కోసం రామ్స్‌కి ఇచ్చేసిన పిక్స్‌తో, అంటే కొత్త కుర్రాళ్లని ఎంచుకునే లైన్‌లోని చోట్లతో, రామ్స్ తెచ్చుకున్నవాళ్లు ఈ ఆరుగురూ. మ్యాచ్ 24-0తో రామ్స్ గెలిచేసింది. ఆ కుర్రాడు రాబర్ట్ గ్రిఫిన్, మ్యాచ్ మొదలయ్యేటప్పటికి బెంచ్ మీద కూర్చుని ఉన్నాడు.

ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో ఇదే గోల. ఫలానా టీమ్ 9 నుంచి 1కి వెళ్లిందంట, ఫలానా టీమ్ రెండేళ్ల ఫస్ట్ రౌండ్లు ఇచ్చేసిందంట అని. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు, గుడ్డు ఆకారం బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఎన్‌ఎఫ్‌ఎల్. ఐపీఎల్‌లో అయితే వేలం, డబ్బున్నవాడు పాడుకుంటాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వేలం లేదు, కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లని 32 టీమ్‌లు వరసలో నిలబడి ఒక్కొక్కర్నే ఎంచుకుంటాయి, కిందటేడు అందరికంటే చెత్తగా ఆడినవాడికి లైన్‌లో మొదటి చోటు, కప్ కొట్టినవాడికి చివరి చోటు, ఇలా ఏడు రౌండ్లు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ లైన్‌లో ఒక్కో చోటునీ పిక్ అంటారు, ఆ చోటుని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, వచ్చే ఏడాది చోటుని కూడా ఇప్పుడే ఇచ్చేయొచ్చు.

మనకీ ఇలాంటిది ఒకసారి జరిగింది, చాలామందికి గుర్తుండదు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు అండర్-19 కుర్రాళ్లని వేలంలో కాకుండా డ్రాఫ్ట్‌లో పంచారు, ఢిల్లీకి ముందు ఛాన్స్ వచ్చింది, సొంత ఊరి కుర్రాడు విరాట్ కోహ్లీ ఎదురుగానే ఉన్నాడు, ఢిల్లీ మాత్రం బౌలర్ ప్రదీప్ సాంగ్వాన్‌ని తీసుకుంది, కోహ్లీ బెంగళూరుకి వెళ్లిపోయాడు. లైన్‌లో ముందు నిలబడటం వేరు, ఎవణ్ణి తీసుకోవాలో తెలియడం వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ పిక్ ట్రేడ్‌ల కథంతా నాకు ఈ తేడా దగ్గరే కనిపిస్తుంది.

అసలు ఈ లైన్ ఎందుకొచ్చిందంటే 1930ల్లోకి వెళ్లాలి. అప్పట్లో కాలేజీ అయిపోయిన ఆటగాడు ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేవాడు, దాంతో షికాగో, న్యూయార్క్ లాంటి టీమ్‌లకే మంచివాళ్లంతా చేరేవాళ్లు. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఓనర్ బెర్ట్ బెల్‌ది ఎప్పుడూ అట్టడుగు టీమ్. మిన్నెసోటా కాలేజీ ఆటగాడు స్టాన్ కోస్ట్‌కా కోసం ఎంత తిరిగినా చివరికి అతను 5000 డాలర్లకి బ్రూక్లిన్‌కి వెళ్లిపోయాడు. ఆ కడుపుమంటతోనే బెల్ 1935 మేలో మిగతా ఓనర్ల ముందు ఈ ప్రపోజల్ పెట్టాడు, చివరున్నవాడు ముందు ఎంచుకోవాలి అని. పెద్ద టీమ్‌లు కూడా ఒప్పుకున్నాయి. ఒప్పుకోవడంలో వాళ్ల లాభం వాళ్లకుంది, ఒక కుర్రాడితో ఒక్క టీమే మాట్లాడగలిగితే జీతాలు పెరగవు కదా. ఈ సంగతి మర్చిపోకూడదు, ఆటగాడు ఎక్కడికెళ్లాలో అతని చేతిలో లేకుండా పోయింది అప్పటినుంచే.

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో జరిగింది. తొమ్మిది టీమ్‌లు, బోర్డు మీద 90 పేర్లు. మొట్టమొదటి పిక్ బెల్‌దే, తీసుకున్నది జే బర్వాంగర్‌ని, అప్పట్లో దేశంలోకెల్లా పేరున్న కాలేజీ ఆటగాడు. తమాషా ఏంటంటే ట్రేడ్ కథ కూడా ఆ మొదటి పిక్‌తోనే మొదలైంది. బర్వాంగర్ అడిగే డబ్బు తనవల్ల కాదని బెల్ అతని హక్కుల్ని షికాగో బేర్స్‌కి ఇచ్చేసి బదులుగా ఆర్ట్ బస్ అనే లైన్‌మన్‌ని, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని అడ్డుకునే ఆటగాణ్ణి, తెచ్చుకున్నాడు. బేర్స్ ఓనర్ జార్జ్ హలాస్‌తోనూ బేరం కుదరలేదు, బర్వాంగర్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఫోమ్ రబ్బర్ అమ్మే ఉద్యోగంలో చేరాడు. చరిత్రలో మొదటి పిక్, మొదటి ట్రేడ్, కొన్నవాడికి దక్కింది సున్నా.

తర్వాత చాలా ఏళ్లు పిక్స్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, సరైన స్కౌటింగ్ లేదు, పత్రికల్లో పేర్లు చూసి ఎంచుకున్న రోజులవి. పిక్స్‌ని నీళ్లలా ఖర్చుపెట్టిన మనిషి అంటే 1971లో వాషింగ్టన్ కోచ్‌గా వచ్చిన జార్జ్ ఆలెన్. భవిష్యత్తు అంటే ఇవాళే అన్నది ఆయన నినాదం. కుర్రాళ్లని తెచ్చి నేర్పించే ఓపిక లేదు, రాబోయే ఏళ్ల పిక్స్ అన్నీ ఇచ్చేసి ఆరితేరిన సీనియర్లని తెచ్చుకునేవాడు. ఒకసారైతే ఒకే పిక్‌ని ఇద్దరికి ఇచ్చేసి లీగ్ చేత 5000 డాలర్ల ఫైన్ వేయించుకున్నాడు. గెలవలేదా అంటే గెలిచాడు, 1973 జనవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్లి మయామీ చేతిలో ఓడిపోయాడు. కానీ వాషింగ్టన్ ఫస్ట్ రౌండ్‌లో 1968 తర్వాత మళ్లీ ఒక కుర్రాణ్ణి ఎంచుకున్నది 1980లోనే, ఆర్ట్ మాంక్‌ని. మధ్యలో పోయిన పిక్స్ అన్నీ ఆలెన్ ఇచ్చినవే కాదు గానీ చాలావరకు ఆయన లెక్కలోవే.

ఇక అసలు మలుపు 1989. జెర్రీ జోన్స్ అప్పుడే డాలస్ కౌబాయ్స్‌ని కొన్నాడు, జిమ్మీ జాన్సన్‌ని కోచ్‌గా తెచ్చాడు, టీమ్ ఆ ఏడాది 1-15తో, అంటే ఒక్క గెలుపు, పదిహేను ఓటములతో, నేలకి కరుచుకుపోయింది. టీమ్‌లో అమ్మితే పెద్ద ధర పలికే ఆటగాడు ఒక్కడే, బంతి పట్టుకుని పరిగెత్తే హెర్షల్ వాకర్. ఉన్న ఒక్కణ్ణీ అమ్మేద్దాం అన్నాడు జాన్సన్. అక్టోబర్ 12న మిన్నెసోటా వైకింగ్స్‌తో డీల్ అయింది. వైకింగ్స్ జనరల్ మేనేజర్ మైక్ లిన్ ఐదుగురు ఆటగాళ్లని, కొన్ని పిక్స్‌ని ఇచ్చాడు, ఆ ఆటగాళ్లకి కూడా షరతు పిక్స్ తగిలించాడు, అంటే ఫలానా ఆటగాణ్ణి ఫిబ్రవరి 1లోపు డాలస్ వదిలేస్తే బదులుగా ఫలానా పిక్ ఇస్తాం అని. లిన్ ఉద్దేశం ఏంటంటే, డాలస్‌కి దిక్కులేదు, ఆటగాళ్లనే ఉంచుకుంటారు, పిక్స్ మనకే మిగులుతాయి అని. జాన్సన్‌కి మొదటినుంచీ కావాల్సింది పిక్సే. అందరూ డాలస్‌ని మోసపోయినవాళ్లలా చూశారు, మొదటి మ్యాచ్‌లో వాకర్ 148 గజాలు పరిగెత్తేసరికి మిన్నెసోటా ఊగిపోయింది. ఆ తర్వాత అంతే, 1991 సీజన్ అవగానే వాకర్ వెళ్లిపోయాడు, సూపర్‌బౌల్ ముఖం చూడలేదు.

డాలస్ చేసింది చూడండి. వైకింగ్స్ నుంచి వచ్చిన 21వ పిక్‌కి ఇంకో మూడో రౌండ్ పిక్ కలిపి పిట్స్‌బర్గ్‌కి ఇచ్చి 17కి ఎక్కి ఎమిట్ స్మిత్‌ని తీసుకుంది. రిటైరయ్యేటప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ, 18,355 గజాలు పరిగెత్తాడు ఎమిట్. ఆ పిక్స్ చేతులు మారుతూ మారుతూ రసెల్ మేరీలాండ్, డారెన్ వుడ్‌సన్ లాంటివాళ్లని కూడా తెచ్చాయి, డాలస్ నాలుగేళ్లలో మూడు సూపర్‌బౌల్స్ కొట్టింది. ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లు కూరగాయలకెళ్తూ వస్తూ దాటే ఆ కౌబాయ్స్ హెడ్ ఆఫీస్ లోపల ట్రోఫీల్లో మూడింటికి బీజం ఆ ఒక్క డీల్‌లో ఉంది.

ఇన్ని పిక్స్ చేతికొచ్చాక డాలస్‌కి ఇంకో తలనొప్పి. ఫోన్ మోగుతుంది, మా 25, 60 తీసుకుని మీ 14 ఇస్తారా అంటారు అవతలివాళ్లు, అది లాభమో నష్టమో అప్పటికప్పుడు ఎలా తెలుస్తుంది? జోన్స్‌కి గ్యాస్ వ్యాపారంలో పాత పార్ట్‌నర్, చదువుకి ఇంజినీర్ అయిన మైక్ మెకాయ్ 1991 ప్రాంతంలో కూర్చుని అంతకుముందు కొన్నేళ్లలో జరిగిన ట్రేడ్‌లన్నీ ముందు పెట్టుకుని ఒక గీత గీశాడు. ఒకటో పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, మూడోదానికి 2200, పదోదానికి 1300, పదహారోదానికి 1000, అలా దిగుకుంటూ చివరికి ఒకటీ రెండూ పాయింట్లు. ఒక్క కాగితం. డాలస్ కోచ్‌లు వేరే టీమ్‌లకి వెళ్తూ ఆ కాగితాన్నీ పట్టుకెళ్లారు, కొన్నేళ్లకి లీగంతా అదే రేట్ల పట్టిక అయిపోయింది. అయితే మెకాయ్ లెక్కేసింది టీమ్‌లు ఎంతకి మార్చుకుంటున్నాయో మాత్రమే, ఆ పిక్‌లో వచ్చిన కుర్రాడు నిజంగా ఎంత ఆడాడు అన్నది అందులో లేదు. జనం ఇస్తున్న రేటే సరైన రేటు అని అందరూ అనుకున్నారు, తప్పు అక్కడ నుంచే పెరిగింది.

ఆ తప్పుని లెక్కేసి చూపించినవాళ్లు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్, ఈ థేలర్‌కే తర్వాత 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్లు తేల్చింది రెండు సంగతులు. ఒకే పొజిషన్‌లో ముందు ఎంచుకున్నవాడు, వాడి వెనకే ఎంచుకున్నవాడికంటే బాగా ఆడేది నూటికి 52 సార్లే, అంటే దాదాపు బొమ్మా బొరుసే. రెండోది, పైపిక్‌కి ఇచ్చే జీతం లెక్కలోకి తీసుకుంటే టీమ్‌కి ఎక్కువ లాభం తెచ్చేది అందరూ ఎగబడే మొదటి పిక్ కాదు, రెండో రౌండ్ మొదట్లో వచ్చే పిక్‌లు.

ఇంకో లెక్క ఉంది, ఇది చీటీ పాట తెలిసిన మనకి ఇట్టే ఎక్కుతుంది. మా అమ్మ విజయవాడలో ఉన్నప్పుడు లక్ష రూపాయల చీటీ వేసేది, రెండో నెలలోనే అవసరం పడ్డవాళ్లు 30 వేలు వదులుకుని 70 వేలకి పాడేసుకునేవాళ్లు, ఆగగలిగినవాళ్లు ఆ వదులుకున్న డబ్బుని పంచుకుంటూ చివర్లో నిండుగా ఎత్తుకునేవాళ్లు, అమ్మ ఎప్పుడూ చివరి చీటీయే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎప్పటినుంచో ఒక నోటిమాట లెక్క ఉంది, వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ అంటే ఈ ఏడాది రెండో రౌండ్ పిక్‌తో సమానం అని. ఫస్ట్ రౌండ్ మధ్యలో 16వ పిక్ 1000 పాయింట్లు, రెండో రౌండ్ మధ్యలో 48వది 420. అంటే ఏడాది ఆగితే 420 కాస్తా 1000. మాసీ, థేలర్ లెక్కలో ఈ వడ్డీ ఏడాదికి 136 శాతం తేలింది, ఏ ఊళ్లోనైనా ఇంత వడ్డీ అడిగితే గొడవలైపోతాయి. మరి ఎందుకు ఇస్తారంటే, కోచ్‌కి, మేనేజర్‌కి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, అప్పు చేసేది వీళ్లు, తీర్చేది తర్వాత వచ్చేవాళ్లు. థేలర్ ఈ సంగతులన్నీ అప్పటి వాషింగ్టన్ ఓనర్ డాన్ స్నైడర్ మనుషులకి విడమర్చి చెప్పానని, ఆయనకి మాత్రం ఇప్పుడే గెలవాలని ఉండేదని తర్వాత రాశాడు.

దీనికి తోడు 2011లో జీతాల రూలు మారింది. 2010లో ఒకటో పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్, మరుసటి ఏడాది ఒకటో పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి 2.2 కోట్లే. అంతకుముందు పైపిక్ అంటే అంత జీతం ఎవడు మోస్తాడని భయపడేవాళ్లు, ఆ భయం పోయింది, ఇక క్వార్టర్‌బ్యాక్ కోసం, అంటే బంతి విసురుతూ టీమ్ ఆటని నడిపే ఆటగాడి కోసం, పైకి ఎగబాకడం మొదలైంది. మరుసటి మార్చిలోనే వాషింగ్టన్ 6వ పిక్, 39వ పిక్, 2013, 2014 ఫస్ట్ రౌండ్లు రామ్స్‌కి ఇచ్చి 2వ పిక్ తీసుకుని గ్రిఫిన్‌ని తెచ్చుకుంది. మెకాయ్ పట్టికలో వేసి చూడండి, 2వ పిక్ 2600, ఇచ్చిన 6, 39 కలిపి 2110, మిగిలిన 490 పాయింట్ల కోసం రెండేళ్ల ఫస్ట్ రౌండ్లు రాసిచ్చినట్టు. అందులో 2013ది 22వ పిక్ అయింది, పట్టికలో 780. 2014ది, టీమ్ 3-13తో కుప్పకూలింది కాబట్టి, మళ్లీ 2వ పిక్కే అయింది, అదొక్కటే 2600. గ్రిఫిన్ మొదటి ఏడాది నిజంగా అద్భుతంగా ఆడాడు, 2013 జనవరిలో మోకాలు పోయింది, మళ్లీ ఆ మనిషి కనపడలేదు. అతని తప్పేం లేదు, నాకు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అదే డ్రాఫ్ట్‌లో వాషింగ్టన్ నాలుగో రౌండ్‌లో తీసుకున్న కర్క్ కజిన్స్ ఆ తర్వాత ఏళ్ల తరబడి టీమ్‌ని నడిపాడు. రామ్స్ కూడా 2014లో వచ్చిన ఆ 2వ పిక్‌తో తీసుకున్న రాబిన్సన్ అనుకున్నంత ఆడలేదు, అది కూడా చెప్పాలి.

పైకి ఎక్కినవాళ్లంతా మునిగిపోయారని కాదు. 2017లో కాన్సస్ సిటీ 27 నుంచి 10కి ఎక్కడానికి ఒక మూడో రౌండ్ పిక్, 2018 ఫస్ట్ రౌండ్ కలిపి బఫలోకి ఇచ్చింది, తెచ్చుకున్నది పాట్రిక్ మహోమ్స్‌ని, వచ్చినవి మూడు సూపర్‌బౌల్స్. ప్రతి మేనేజర్ కళ్ల ముందూ ఆ ఒక్క బొమ్మే ఆడుతుంటుంది, నాది కూడా మహోమ్సే అనుకుంటాడు. 2023 మార్చిలో కరోలైనా అదే అనుకుని బ్రైస్ యంగ్ కోసం 9, 61 పిక్స్, 2024 ఫస్ట్ రౌండ్, 2025 సెకండ్ రౌండ్, పైన డీజే మూర్ అనే మంచి రిసీవర్‌ని (విసిరిన బంతిని అందుకునే ఆటగాణ్ణి) కూడా షికాగోకి ఇచ్చి 1కి వెళ్లింది. ఆ ఏడాది కరోలైనా లీగ్‌లో అందరికంటే చివర నిలిచింది, అంటే ఇచ్చేసిన 2024 పిక్ ఏకంగా ఒకటో పిక్ అయి కూర్చుంది, షికాగో దాంతో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకుంది.

శాన్ ఫ్రాన్సిస్కోది ఇంకో రకం. 2021 మార్చిలో 12 నుంచి 3కి ఎక్కడానికి ఆ 12తో పాటు ఇంకో రెండు ఫస్ట్ రౌండ్లు, ఒక మూడో రౌండ్ మయామీకి ఇచ్చి ట్రే లాన్స్‌ని తీసుకుంది. లాన్స్‌కి రెండో సీజన్ మొదట్లోనే చీలమండ విరిగింది. అదే 2022లో డ్రాఫ్ట్ మొత్తంలో ఆఖరి పిక్, 262వది, ఇంకెవరూ తీసుకోకుండా మిగిలిన బ్రాక్ పర్డీ అనే కుర్రాడు ఆ టీమ్‌లో ఉన్నాడు. రెండో సీజన్‌కే అతను టీమ్‌ని సూపర్‌బౌల్‌కి తీసుకెళ్లాడు. ఆ సీజన్ మొదలవకముందే, 2023 ఆగస్టులో, మూడు ఫస్ట్ రౌండ్లు పోసి తెచ్చుకున్న లాన్స్‌ని శాన్ ఫ్రాన్సిస్కో ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కి ఇచ్చేసింది. తీసుకున్నది డాలస్.