కర్రసాము, కరాటే కళా, శాస్త్రమా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పొద్దున కర్రసాము, సాయంత్రం కరాటే నేర్పే నన్ను, పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. దాని వెనకున్న అపోహలలో మూడింటి గురించి రాస్తాను.

అపోహ: ‘కళ’ అంటున్నాం కాబట్టి ఇందులో లెక్కకు పని లేదు.

వాస్తవం: కళ అంటే నేర్పు అన్న అర్థం మనకు పాతదే; వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో వ్యాయామ విద్యలు, విజయాన్నిచ్చే విద్యలు కూడా ఉన్నాయి. ఇక లెక్క సంగతి కర్ర పట్టిన మొదటి రోజే తెలిసిపోతుంది. అంతటా ఒకే లావున్న కర్రను మధ్యలో పట్టి తిప్పేటప్పటి కంటే చివర పట్టి తిప్పేటప్పుడు దాని జడత్వ భ్రామకం, అంటే తిప్పడానికి అది ఎదురు నిలిచే గుణం, నాలుగు రెట్లు ఉంటుంది. అందుకే కొత్తవాళ్లకు ముందు మధ్య పట్టు నేర్పుతాం. తొందరపడి చివర పట్టిన పిల్లవాడి మణికట్టు పది తిప్పులకే అలిసి, పట్టు జారిపోయి, కర్ర కొన వాడి మోకాలికే తగులుతుంది.

అపోహ: పెంకులు పగలగొట్టడం అతీత శక్తి.

వాస్తవం: కాదు. రెండు వైపులా ఆసరా మీద పెట్టిన పెంకును పైనుంచి కొడితే అది వంగి, అడుగు భాగం సాగుతుంది. కాల్చిన మట్టి నొక్కుడుకు ఆగినంతగా సాగుడుకు ఆగదు. ఒక బడి వార్షికోత్సవంలో ఆసరా ఇటుకలు మరీ దగ్గరగా ఉన్నాయని చూసుకోకుండా కొట్టాను. ఆసరాల మధ్య ఎడం తక్కువై పెంకు తగినంత వంగలేదు, చెక్కుచెదరలేదు గానీ, నా చేయి వారం రోజులు వాచిపోయింది. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారిని మంత్రగాడిగా వర్ణించేవారు ఆయన ఏళ్ల తరబడి చేసిన వ్యాయామాన్ని, ప్రాణాయామాన్ని చిన్నబుచ్చుతున్నారనే నా అభిప్రాయం.

అపోహ: అయితే అంతా శాస్త్రమే, కోణాలు బట్టీపడితే చాలు.

వాస్తవం: ఈ మాట ఎక్కువగా చదువుకున్నవాళ్లే అంటారు. కంటితో చూసి చేయి కదపడానికి మనిషికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది; దగ్గర నుంచి వచ్చే గుద్దు ఆలోపే తగలవచ్చు. కాబట్టి అనుభవమున్నవాడు పిడికిలిని కాక, దాని కంటే ముందు కదిలే భుజాన్ని, నడుమును చూస్తాడు. ఇంతవరకు శాస్త్రమే. కానీ ఎదుటివాడికీ ఆ సంగతి తెలుసు. పెంకు మోసం చెయ్యదు, మనిషి చేస్తాడు. 1882లో జూడోకు పునాది వేసిన జిగొరో కానో, ఎదుటివాణ్ని ఎత్తి పడేసే విసురును తూకం తప్పించడం, అనువుగా చొరబడటం, విసరడం అని మూడుగా విడదీసి చెప్పినా, ప్రతిఘటించే మనిషితో చేసే స్వేచ్ఛా సాధనకు పెద్ద పీట వేయడానికి కారణం అదే. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వరుసగా మూడుసార్లు కుడి భుజం కదిపి కుడి చేత్తోనే గుద్దుతుంది. నాలుగోసారి కూడా అదే భుజం కదులుతుంది, తగిలేది మాత్రం ఎడమ కాలు.