గుజరీ ఫ్రిజ్ పొగ ఎవరి ఖాతాలో?

పోయిన ఎండాకాలం కడపలో ఒక గుజరీ అంగడి ముందు కాసేపు నిలబడ్డాను. మెకానిక్ పాత ఫ్రిజ్‌ను వెనక్కి తిప్పి, కంప్రెసర్ మార్చడానికని రాగి గొట్టం కత్తిరించాడు. స్‌స్‌మని చప్పుడు, అంతే. వేరే కంప్రెసర్ అతికించి, గ్యాస్ పట్టించి, కొనడానికొచ్చిన టిఫిన్ బండి ఆవిడతో "ఇంక ఐదేళ్లు నిశ్చింతక్కా" అన్నాడు.

ఆ చప్పుడుతో గాల్లో కలిసింది ఫ్రిజ్‌ను చల్లబరిచే ఆర్-134ఏ గ్యాస్. భూమిని వేడెక్కించే ఇలాంటి వాయువులన్నిటినీ ఇక్కడ పొగ అనే అంటున్నాను. నూరేళ్ల లెక్కన ఇది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,430 రెట్ల వేడిని పట్టి ఉంచుతుంది. లోపల వంద గ్రాములే ఉందనుకున్నా 143 కిలోల కార్బన్ డయాక్సైడ్ కింద లెక్క. బైకులో అరవై లీటర్ల పెట్రోలు కాల్చినంత! దీనికి ముందు వాడిన ఆర్-12 ఇంకా ఘోరం, ఓజోన్ పొరనూ తినేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో అది పోయి 134ఏ వచ్చింది. దీన్నీ తగ్గించాలని 2016లో రువాండాలోని కిగాలీలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. భారత్ 2021లో ఆమోదం తెలిపింది, మన కోతలు 2032 నుంచి మొదలవుతాయి. అప్పటిదాకా ఇలా గొట్టం కత్తిరించి గ్యాస్ వదిలేయడం మామూలే.

ఒక సరుకు తయారీ నుంచి పారేసేదాకా ప్రకృతికి ఎంత భారమో తేల్చే లెక్కలు మొదలైందే పాత సీసాలతో. సీసాను కడిగి మళ్లీ నింపడం మేలా, తాగి పారేసేదైతే మేలా అని 1969లో కోకాకోలా కంపెనీ అమెరికాలోని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌తో లెక్క కట్టించింది. గోలీసోడా తాగి సీసా అంగట్లోనే ఇచ్చి వచ్చే మనకు ఇందులో లెక్కేముంది అనిపిస్తుంది. కానీ కడిగే నీళ్లు, మోసే లారీ కూడా అందులోకి వస్తాయి. ఆ పద్ధతే ముదిరి 1997లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 14040 ప్రమాణమైంది. కంపెనీల పొగ లెక్కకు 2001లో జీహెచ్‌జీ ప్రోటోకాల్ అనే నియమావళి వచ్చింది. అమ్మిన సరుకు కొన్నవాళ్లింట్లో వదిలే పొగ కూడా అమ్మినవాళ్ల లెక్కలో చూపాలని 2011లో స్కోప్-3 ప్రమాణం తెచ్చారు. మన స్టాక్ మార్కెట్లను అదుపు చేసే సెబీ 2021లో బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక నమూనా తెచ్చి, పెద్ద లిస్టెడ్ కంపెనీలను పొగ లెక్కలు అడుగుతోంది. గుజరీ అంగడిని అడిగేవాళ్లు లేరు.

అసలు చిక్కు ఇక్కడే. ఫ్యాక్టరీలో ఫ్రిజ్ తయారైనప్పుడు వచ్చిన పొగ ఎవరిది? ఎక్కువగా వాడే పద్ధతిలో అదంతా మొదట కొన్నవాళ్ల ఖాతాలోకే పోతుంది. రెండో చేతికి వచ్చేసరికి సున్నా. ఆపైన రీసేల్ కంపెనీలు "ఒక కొత్తది తయారు కాకుండా ఆపాం, ఇన్ని కిలోలు మిగిల్చాం" అని చెప్పుకుంటాయి. ఈ మాట నిలబడాలంటే పాతది దొరక్కపోతే ఆ మనిషి కొత్తది కొనేవాడే అయ్యుండాలి. టిఫిన్ బండి ఆవిడకు అంతకుముందు ఫ్రిజ్ లేదు. కొత్తది కొనే ఆలోచనే లేదు. పిండి పులిసిపోకుండా ఐస్ గడ్డలు తెచ్చుకునేది. అక్కడ ఆగిన కొత్త ఫ్రిజ్ ఏదీ లేదు. ఆమెకు ఫ్రిజ్ వద్దని నేననడం లేదు. మిగిలిందన్న ఆ అంకెను మాత్రం ఒప్పుకోలేను.

కరెంటు సంగతి ఇంకోటి. మన దేశంలో ఫ్రిజ్‌లకు స్టార్ లేబుల్ వచ్చింది 2006లో. ఏడాదికి 400 యూనిట్లు తాగే పాతదాన్నీ, 150తో సరిపెట్టుకునే కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా 250 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ఏడాదికి 175 కిలోలు. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న మాట నిజమే. కానీ రాత్రిపూట కూడా ఫ్రిజ్ తిరగాలి కదా, ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రంలో బొగ్గు అందుకే కాలుతుంది. బట్టలు, బీరువాలు, సైకిళ్లకు ఈ బాధ లేదు. వాటిని ఎన్ని చేతులు మార్చినా కరెంటు నష్టం లేదు.

అమ్మినవాళ్ల వైపు ఎవరూ చూడరు. బొగ్గు పొదుపుగా వాడే యంత్రాలొస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని 1865లోనే జెవాన్స్ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త రాశాడు. పాత సరుకుకు మంచి ధర పలికితే జరిగేదీ అలాంటిదే. ఈ ఫ్రిజ్ ఎవరిదని అంగడాయన్ను అడిగాను. "పక్క వీధివాళ్లదే. ఇదిచ్చి, పైన కొంచెం వేసుకుని డబుల్ డోర్ తెచ్చుకున్నారు" అంటూ గోడవారగా మడిచిపెట్టిన పెద్ద అట్టపెట్టె చూపించాడు. అదీ ఆయనకే వేశారట, కిలోల లెక్కన.