బకెన్: నువ్వుల్లో నూనె ఎంత, గానుగలో దిగేదెంత

ఉత్తర అమెరికాలోని బకెన్ శిలాస్తరం నుంచి ఎంత చమురు తీయవచ్చని అడిగితే, అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ 1995లో 15.1 కోట్ల బ్యారెళ్లంది. 2008లో 365 కోట్లంది. 2013లో దాని కిందున్న త్రీ ఫోర్క్స్ పొరనూ కలిపి 740 కోట్లంది. 2021కి వచ్చేసరికి ఆ రెండు పొరల్లో కలిపి ఇంకా కనిపెట్టాల్సి ఉండి, తీయగలిగింది 430 కోట్లేనని తేల్చింది. రాయి మాత్రం సుమారు 36 కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది.

బకెన్‌ను కంటితో చూడాలంటే కుదరదు. అది ఎక్కడా నేల మీదికి తేలదు. నార్త్ డకోటా, మోంటానా, కెనడాలోని సస్కాచెవాన్, మానిటోబాల కింద విల్లిస్టన్ బేసిన్ అనే, గిన్నెలా దిగిన రాతి పొరల ప్రాంతంలో పరుచుకుని ఉంది. నడిమధ్య మూడు కిలోమీటర్ల లోతున ఉంటుంది. బాగా మందంగా ఉన్నచోట కూడా 50 మీటర్లు దాటదు. అందులో మూడు వరసలు: పైన నల్లటి షేల్ (పలుచటి పలకలుగా చీలే బురద రాయి), కింద నల్లటి షేల్, నడుమ డోలమైట్ అనే సున్నపు రాతి ఖనిజం కలిసిన సన్నటి ఇసుక, ఒండ్రు రాయి. పాతకాలపు సముద్రం అడుగున ఆక్సిజన్ అందక కుళ్లకుండా మిగిలిన జీవపదార్థం షేల్‌లో సగటున 11 శాతం దాకా ఉంది. లోతుకు దిగి వేడెక్కిన కొద్దీ అదే చమురైంది. చమురు పుట్టేటప్పుడు ఒత్తిడి పెరిగి, కొంత నడిమి పొరలోకి నెట్టుకుపోయింది. రెండు వైపులా షేల్ బిగించి ఉండడంతో అక్కడే ఆగిపోయింది.

ఆగింది సరే, పారదు. నడిమి రాయిలో ఖాళీ జాగా సగటున 5 శాతం. చమురు కదలడానికి రాయి ఇచ్చే దారిని మిల్లీడార్సీల్లో కొలుస్తారు. ఇక్కడ అది 0.04, అంటే దాదాపు లేనట్టే. నువ్వుల్లో నూనె ఉందనడం ఒక మాట, గానుగాడితే ఎంత దిగుతుందన్నది వేరే మాట. బకెన్ చరిత్రంతా ఈ రెండు మాటల మధ్య తేడానే.

నార్త్ డకోటాలో తొలి చమురు 1951 ఏప్రిల్‌లో టియోగా దగ్గర పడింది. అది బకెన్‌ది కాదు, వేరే పొరలది. ఆ ప్రాంతపు రైతు హెన్రీ బకెన్ భూమిలో తవ్విన బావిని బట్టి 1953లో ఈ పొరకు పేరు పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సహజంగా పగుళ్లున్న చోట్లే నిలువు బావులకు కాస్త చమురు చిక్కేది. 1987లో పై షేల్‌లో అడ్డంగా బావి తవ్వారు. ఆశ పుట్టింది, నిలవలేదు.

యూఎస్‌జీఎస్‌లో పనిచేసిన లీ ప్రైస్ అనే భూరసాయన శాస్త్రవేత్త 1999లో ఈ షేల్ 27,100 కోట్ల నుంచి 50,300 కోట్ల బ్యారెళ్ల చమురు పుట్టించి ఉంటుందని లెక్కగట్టాడు. తోటి శాస్త్రవేత్తల పరిశీలన పూర్తికాకముందే 2000లో కన్నుమూశాడు. ఆయన చెప్పింది నువ్వుల్లోని నూనె గురించి. తర్వాత చాలామంది అదంతా డబ్బాలో పడ్డట్టే ప్రచారం చేశారు. ఆ శ్రమకు ఇంతకన్నా అన్యాయం లేదనిపిస్తుంది నాకు.

మలుపు తిప్పింది మోంటానా జియాలజిస్టు రిచర్డ్ ఫిండ్లీ. అందరూ షేల్ వెంట పడుతుంటే, ఆయన మాత్రం వదిలేసిన నడిమి పొరను పట్టుకున్నాడు. 2000లో మోంటానాలోని ఎల్మ్ కూలీ అనే చోట ఆ పొరలోనే అడ్డంగా తవ్వి, రాయిని నీటి ఒత్తిడితో పగలగొడితే చమురు పారింది. 2006లో నార్త్ డకోటాలో పార్షల్ క్షేత్రం బయటపడింది. ఇక ఆగలేదు. 2014 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఉత్పత్తి రోజుకు 10 లక్షల బ్యారెళ్లు దాటింది, 2019 చివర్లో 15 లక్షలకు చేరింది.

ఈ వేగానికి పైపులైన్లు అందుకోలేదు. చమురుతో వచ్చే గ్యాస్‌లో ఒక దశలో మూడో వంతు దాకా బావుల దగ్గరే మంటబెట్టారు. చమురు రైళ్లెక్కింది. 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణంలో బకెన్ చమురు రైలు పట్టాలు తప్పి పేలిపోయింది. 47 మంది చనిపోయారు. ఎన్ని కోట్ల బ్యారెళ్లన్న లెక్కల పక్కన ఈ అంకె కూడా రాయాలి. 2016లో బకెన్ చమురును తరలించే డకోటా యాక్సెస్ పైపులైన్ తమ నీటికి ముప్పని స్టాండింగ్ రాక్ ఆదివాసులు ఎదురు తిరిగారు. ఆ మరుసటి ఏడాదే దాన్ని నడపడం మొదలుపెట్టారు.

2021 లెక్క తగ్గడానికి పెద్ద కారణం, మంచి చోట్లన్నీ అప్పటికే తవ్వేయడం. ఒక్కో బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది కాబట్టి కొత్తవి తవ్వుతూనే ఉండాలి. అలా తవ్వినా, పొరలో ఉన్న చమురులో పైకొచ్చేది సాధారణంగా పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. మిగతాదంతా ఇంకా తెలకపిండిలోనే ఉంది. గ్యాస్‌నో కార్బన్ డయాక్సైడ్‌నో తిరిగి ఆ రాతిలోకి ఎక్కించి దాన్ని కదిలించాలని నార్త్ డకోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు.