సుఖం ఒకరిది, పరీక్ష మరొకరికి

మన ఊళ్లలో పాత డాక్టర్ల బోర్డుల మీద ‘చర్మ, సుఖవ్యాధుల నిపుణులు’ అని ఉండేది. ఈ రెండింటినీ ఒకే బోర్డు మీద ఎందుకు కలిపారా అని చిన్నప్పుడు చాలామందికి అనుమానం వచ్చే ఉంటుంది. కారణం లైంగికంగా సోకే సిఫిలిస్. ఆ జబ్బు పుండుగా, ఆ తర్వాత అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ దద్దుర్లుగా చర్మం మీదే బయటపడేది. దాంతో చర్మవైద్యం, ఈ వ్యాధుల వైద్యం ఒకే శాఖగా పెరిగాయి. చర్మం సంగతి ఇలా తేలిపోతుంది. తేలనిది ‘సుఖ’ అన్న మాటే. కడుపుతో ఉండి ఆసుపత్రికి వెళ్లి, భర్త నుంచి తనకు సిఫిలిస్ సోకిందని రక్తపరీక్షలో తెలుసుకున్న ఇల్లాలికి ఇందులో సుఖం ఎక్కడుంది?

నింద మోసే పేర్లు ఈ జబ్బులకు కొత్త కాదు. 1495లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో ఛార్లెస్ సేనలు ఇటలీలోని నేపుల్స్‌ను ఆక్రమించిన రోజుల్లో సిఫిలిస్ ఐరోపాలో చెలరేగింది. ఇటలీవాళ్లు దాన్ని ఫ్రెంచి రోగమన్నారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ రోగమన్నారు, రష్యావాళ్లు పోలెండు మీదికి తోశారు. మనవాళ్లూ తక్కువ తినలేదు. ఓడల్లో వచ్చిన ఐరోపావాళ్లను ఫిరంగులనేవారు కాబట్టి ఇది ఫిరంగ రోగమైంది. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం ‘భావప్రకాశం’లో ఆ పేరుతోనే ఉంది. మందు పాదరసం, దానికి తోడు పరంగిచెక్క అనే మూలిక. పాదరసం ఎక్కువైతే నోటి వెంట చొంగ కారేది, పళ్లు కదిలేవి. తెలుగులో వాడుకకు వచ్చిన సెగ, సవాయి అన్న మాటల్లో మాత్రం పరాయివాడి ఊసు లేదు. సెగ అంటే గనేరియా, మూత్రం పోస్తుంటే కలిగే మంటను బట్టి వచ్చిన పేరు. సవాయి అంటే సిఫిలిస్.

పరాయి దేశం మీద వేసిన నింద 19వ శతాబ్దంలో పూర్తిగా ఆడదాని మీదికి మళ్లింది. బ్రిటిష్ సైన్యంలో ఆసుపత్రి మంచాలు ఈ జబ్బులతో నిండిపోతుంటే 1864లో బ్రిటన్‌లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. 1868లో అదే తరహా చట్టం ఇండియాకూ వచ్చింది. వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, గడువు ప్రకారం వైద్య తనిఖీకి రావాలి, జబ్బు కనిపిస్తే తగ్గేదాకా లాక్ ఆసుపత్రిలో ఉండాలి. లండన్‌లో ఒకప్పటి కుష్ఠురోగుల ఆశ్రమం నుంచి వచ్చిందట ఈ ‘లాక్’ అన్న పేరు. మన దేశంలో మాత్రం దానికి తాళం అన్న అర్థమే సరిపోయింది. సికింద్రాబాద్ లాంటి దండు ఊళ్లలో తెల్ల సైనికుల కోసం కేటాయించిన బజార్లు నడిచిన కాలమది.

మరి సైనికుల మాట? వాళ్లకూ ఒకప్పుడు అలాంటి తనిఖీ ఉండేది. మగవాళ్లకు అది అవమానకరమని బ్రిటన్‌లో 1859లో మానేశారు. అయిదేళ్లు తిరిగేసరికి ఆడవాళ్లకు అదే తనిఖీని చట్టం చేశారు. ఇద్దరి మధ్య తిరిగే జబ్బుకు ఒక్కరినే పట్టుకుంటే ఏమవుతుందో లెక్క వేయడానికి వైద్యం చదవనక్కర్లేదు. చికిత్స అయ్యి బయటికి వచ్చిన స్త్రీకి, తనిఖీ లేని సిపాయి మళ్లీ అంటిస్తాడు. పైగా ఆ కాలపు పాదరసంతో జబ్బు నిజంగా తగ్గేదీ కాదు. బ్రిటన్ సంఘసంస్కర్త జోసెఫిన్ బట్లర్ ఏళ్ల తరబడి ఉద్యమం నడిపాక 1886లో బ్రిటన్‌లోనూ, 1888లో ఇండియాలోనూ చట్టం రద్దయింది. కంటోన్మెంట్లలో పాత పద్ధతి చాటుమాటుగా సాగుతూనే ఉందని 1890ల మొదట్లో ఎలిజబెత్ ఆండ్రూ, కాథరీన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ మహిళలు స్వయంగా తిరిగి చూసి బయటపెట్టారు. సైన్యాధిపతి లార్డ్ రాబర్ట్స్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత కథ ప్రయోగశాలల్లోకి మారి చకచకా సాగింది. 1905లో సిఫిలిస్ క్రిమి దొరికింది, 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది, 1910లో పాల్ ఎర్లిక్ కనిపెట్టిన సాల్వర్‌సాన్ మందు బజారుకు వచ్చింది. 1943లో అమెరికాలో జాన్ మహోనీ నలుగురు సిఫిలిస్ రోగులకు పెన్సిలిన్ ఇచ్చి నయం చేశాడు. ఇక్కడ మనవాడొకడిని తలచుకోకుండా ముందుకు పోలేం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అదే ఆది. 1948లో అది బయటికి వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఇప్పుడు క్లమీడియా అనే మరో సుఖవ్యాధికి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ ఇంటి బిడ్డే.

మందు దొరికినా జబ్బు పోలేదు. ఎందుకు పోలేదో బస్టాండు గోడలు చెబుతాయి. ‘గుప్తరోగాలకు రహస్య చికిత్స’ అన్న రాతలు అక్కడ చెరిగేవి కావు. ఆ వ్యాపారం అంతకాలం నడవడానికి సిఫిలిస్ స్వభావం కూడా సాయపడింది. మొదటి పుండుకు నొప్పి ఉండదు, ఏ మందూ వేయకపోయినా కొన్ని వారాల్లో అదే మానిపోతుంది. ఏ బూడిద ఇచ్చిన వైద్యుడికైనా పేరు వస్తుంది. క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఏళ్లు గడిచాక గుండెనో మెదడునో పట్టుకున్నప్పుడు ఆ పాత పుండు ఎవరికి గుర్తుంటుంది? సెగది మరో దారి. సగం మోతాదులు వేసుకోవడం, ఇష్టం వచ్చినట్టు మందులు వాడడం వల్ల గనేరియా క్రిమి సల్ఫా మందులనూ పెన్సిలిన్‌నూ టెట్రాసైక్లిన్‌నూ ఒకదాని తర్వాత ఒకటిగా తట్టుకోవడం నేర్చుకుంది.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి దేశంలో తొలిసారి హెచ్‌ఐవీని కనిపెట్టారు. వేలూరు ప్రయోగశాలలో తేలిన ఆ రక్త నమూనాలు ఎవరివి? ప్రభుత్వ హోమ్‌లో నిర్బంధంలో ఉన్న సెక్స్ వర్కర్లవి. శాస్త్రపరంగా అది గొప్ప పని, సందేహం లేదు. కానీ వైరస్ ఉందన్న కారణంతోనే కొందరిని గడువు ముగిశాక కూడా వదల్లేదు. కోర్టు దాకా వెళితే గాని వాళ్లకు విడుదల దొరకలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే రక్తదాతను హెచ్‌ఐవీ ఉందని 64 రోజులు బంధించారు. లాక్ ఆసుపత్రి బోర్డు తీసేసి వందేళ్లయినా తాళం అలవాటు పోలేదన్నమాట.

దారి మార్చింది కలకత్తాలోని వేశ్యావాటిక సోనాగచ్చి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ ఈ జబ్బుల నివారణ పని మొదలుపెట్టి, పాఠాలు చెప్పే బాధ్యతను ఆ స్త్రీలకే అప్పగించాడు. కండోమ్ లేకుండా విటుణ్ణి రానివ్వనని ఒక్కతే అంటే అతను పక్క గదికి పోతాడు. అందరూ కలిసి అంటే ఎక్కడికీ పోలేడు. ఆ పద్ధతిని తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాలు అందిపుచ్చుకున్నాయి. అసలు కండోమ్‌ను మన జనానికి పరిచయం చేసింది 1960ల చివర్లో వచ్చిన నిరోధ్. దాని ఉద్దేశం కుటుంబ నియంత్రణే. అందుకే ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో ‘ఇంక దాంతో పనేముంది’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బులు చూసే విభాగం పేరు ఇప్పుడు సురక్ష క్లినిక్. అక్కడ ప్రయోగశాల ఫలితం కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి మందుల కిట్టు ఇస్తారు. మగవారికి చీము కారితే బూడిదరంగు కిట్టు, పుండ్లకు తెల్లది, హెర్పిస్ పొక్కులకు ఎర్రది. రంగు చూసి మందివ్వడం నవ్వులాటగా తోచవచ్చు గానీ, మళ్లీ రాడేమో అనిపించే రోగికి ఆ పూటే మందు చేతిలో పెట్టడం తెలివైన పని. లోపమల్లా ఒకటే. లక్షణం లేనివారిని ఈ పద్ధతి పట్టుకోలేదు, క్లమీడియా, గనేరియా సోకిన స్త్రీలలో చాలామందికి లక్షణాలే ఉండవు. 2020లో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమొనియాసిస్ ఈ నాలుగే ప్రపంచంలో 37.4 కోట్ల సార్లు కొత్తగా సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ నాలుగింటికీ మందులున్నాయి, వీటి కోసమే తయారైన టీకాలు వాడుకలో లేవు. టీకా ఉన్నవి వేరే. లైంగికంగానూ సోకే హెపటైటిస్-బికి హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తొలి దేశీయ రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) టీకా తెచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే హెచ్‌పీవీ వైరస్‌కూ ఇప్పుడు దేశీయ టీకా ఉంది. ఇక 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం కుదరదు, ఫలితాన్ని గుట్టుగా ఉంచాలి.

గర్భిణి తొలిసారి ఆసుపత్రికి రాగానే హెచ్‌ఐవీకి, సిఫిలిస్‌కు రక్తం తీస్తారు. సిఫిలిస్ తొలిదశలో ఉంటే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతో తల్లికి నయమవుతుంది. సకాలంలో ఇస్తే బిడ్డకూ సోకదు. భర్తనూ పిలిచి పరీక్షించి మందివ్వాలన్నది నియమం. అతను రాకపోతే, కాన్పు లోపే ఆమెకు జబ్బు మళ్లీ అంటుకోవచ్చు.