లైట్ ఒక మాట కాదు, రెండు

మా అమ్మాయి ఆరో తరగతి. మొన్న ఇంగ్లిష్ డిక్షనరీ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నాన్నా, ఇందులో అచ్చుతప్పు ఉంది చూడు" అంది. 'లైట్' అనే మాటను రెండుసార్లు వేశారట. చూస్తే నిజమే. ఒకదాని పక్కన చిన్న 1 అంకె, దాని కిందే ఇంకోదాని పక్కన 2. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

అది అచ్చుతప్పు కాదు. "గదిలో లైట్ వెయ్" అన్నప్పుడు వచ్చే లైట్ వేరు, "రాత్రి లైట్‌గా తిన్నా", "లైట్ తీస్కో" అన్నప్పుడు వచ్చే లైట్ వేరు. ఒకటి వెలుగు, రెండోది తేలిక. ఒకే మాటకు కాలక్రమంలో రెండర్థాలు రావడం మామూలే కానీ ఇక్కడ జరిగింది అది కాదు. వేర్వేరు ఇళ్లలో పుట్టిన రెండు మాటలు వాడకంలో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. మనకూ ఇలాంటివి ఉన్నాయి. తాగే పాలు, 'పాలుపంచుకోవడం'లో ఉన్న పాలు పైకి ఒకటే, పుట్టుక వేరు.

ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన జర్మన్‌లో ఈ రెండూ నేటికీ కలవలేదు. వెలుగును 'లిఖ్ట్' అంటారు, తేలికను 'లైఖ్ట్' అంటారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పిల్లల్ని ఏడిపించే ఆ 'జీ హెచ్' కూడా ఒకప్పుడు గొంతులోంచి పలికిన శబ్దమే. ఇంగ్లండ్‌లో ఆ పలుకు పోయింది, రాతలో గుర్తు మిగిలింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే ఇంగ్లిష్ జడ్జి ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మధ్య పోలికలు కాకతాళీయం కావని, ఇవన్నీ ఏదో ఒక మూలభాష నుంచి పుట్టి ఉండాలని అన్నాడు. ఆ తర్వాతి తరాల పండితులు మాట పక్కన మాట పెట్టి చూస్తూ పోయారు, ఇంగ్లిష్ కూడా ఆ కుటుంబంలోదేనని తేల్చారు. అలా చూస్తే, తేలిక అనే లైట్‌కు సంస్కృతంలో చుట్టం ఎవరో కాదు, లఘువు. తెలుగు పద్యానికి గణాలు కట్టిన ప్రతి బడిపిల్లకూ తెలిసిన లఘువే. 'రాముడు' అని రాసి, 'రా' మీద గురువు గుర్తు, 'ము', 'డు' మీద లఘువు గుర్తులు పెడతాం. లఘువుది ఒక మాత్ర, గురువుది రెండు. ఆ గురువు అంటే అసలు అర్థం బరువైనది అని. దానికి లాటిన్ చుట్టం 'గ్రావిస్', అందులోంచి వచ్చిందే గ్రావిటీ. గణవిభజన చేస్తున్నప్పుడు మన చేతి కింద లైట్, గ్రావిటీల తోబుట్టువులు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి!

వెలుగు అనే లైట్‌కూ సంస్కృతంలో పెద్ద కుటుంబమే ఉంది. ప్రకాశించడం అనే అర్థమున్న 'రుచ్' ధాతువు దానికి చుట్టం. రుచి అంటే మొదట కాంతి. కంటికి వెలిగేది మనసుకు నచ్చేదైంది, నచ్చేది చివరికి మన నాలుక మీదికి చేరింది. బంగారానికి రుక్మమనే పేరు, రుక్మిణి పేరు ఆ వెలుగులోంచి వచ్చినవే. లోకం, లోచనం కూడా ఈ ఇంటివే.

తేలిక వైపు ఇంకో రెండు మాటలు చెప్పాలి. ఊపిరితిత్తిని ఇంగ్లిష్‌లో 'లంగ్' అనడం అది తేలికైన అవయవం కాబట్టి. ఇంగ్లండ్‌లో మాంసం కొట్లవాళ్లు జంతువుల ఊపిరితిత్తుల్ని నేరుగా 'లైట్స్' అనే పిలిచేవారు. నీళ్లలో వేస్తే తేలుతుంది, లోపలంతా గాలి గదులే మరి. వాహనం దిగడాన్ని 'అలైట్' అంటారు కదా, అదీ ఇక్కడిదే. దిగడమంటే గుర్రం వీపు మీది బరువు తగ్గించడం. మనం రోజూ అనే 'రిలీఫ్' లాటిన్ వైపు నుంచి వచ్చిన ఇంటిమనిషి. 'లిఫ్ట్' మాత్రం కాదు, అది గాలి అనే అర్థమున్న వేరే మాటకు సంతానం.

ఇదంతా విని తెలుగు కూడా ఆ కుటుంబమే అనుకోకూడదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే కంపెనీ దొర చూపించాడు. లఘువు, రుచి మనకు సంస్కృతం నుంచి వచ్చాయి, లైట్ ఇంగ్లిష్ నుంచి వచ్చింది. మన సొంత మాటలు వెలుగు, తేలిక. అయినా దారి చూడండి. మనకు వెలుగు, వెల్ల, వెండి, వెన్నెల ఒకే మూలం నుంచి వచ్చాయి. అక్కడ లైట్ మూలం నుంచే గ్రీకులో తెలుపుకు 'ల్యూకోస్', లాటిన్‌లో చంద్రుడికి 'లూనా' వచ్చాయి. నీళ్ల మీద తేలేది మనకు తేలిక. సంబంధం లేని రెండు కుటుంబాలు ఒకే ఆకాశాన్ని చూసి, ఒకే నీటిని చూసి, మాటల్ని ఒకేలా అల్లుకున్నాయి.

అమ్మాయి అంతా విని, "మరి లైట్ బ్లూ ఏ నంబరు?" అంది. మనం లేత నీలం అంటాం, లేతాకులోని లేత. ఇంగ్లిష్ వాళ్లు ఏమనుకున్నారో నువ్వే చూడు అన్నాను. వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్లి ఒకటో నంబరు కింద ఆగింది.