లేబుల్ మీద వద్దన్నారు, కొట్లో అమ్మొద్దని అనలేదు

ఎనర్జీ డ్రింకుల్ని స్కూలు పిల్లలకు అమ్మొచ్చా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2025లో పంజాబ్ ఆరోగ్య మంత్రి బల్బీర్ సింగ్ స్కూళ్లలోనూ చుట్టుపక్కలా వీటి అమ్మకం ఆపిస్తామన్నారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ ప్రభుత్వం 16 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదన్న ప్రతిపాదన పెట్టింది, మరి మన పిల్లల సంగతేంటని ఇక్కడి తల్లిదండ్రులు అడగడంలో తప్పేముంది? వీటిలో రెడ్ బుల్ థాయ్‌లాండ్‌లో పుట్టి ఆస్ట్రియా మీదుగా ప్రపంచమంతా ఎలా పాకిందో చాలామంది రాసేశారు, అది వదిలేద్దాం. మన దేశంలో కథ మలుపు తిరిగింది 2016లో.

దానికి ముందు 2015 సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది మే నెలలో, మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఉందన్న గొడవ ముదురుతున్న రోజుల్లోనే, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మాన్‌స్టర్, జింగా, క్లౌడ్ 9 డ్రింకులకు అంతకుముందు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్‌నీ జిన్‌సెంగ్ అనే మూలికనీ కలపడంలో అర్థం లేదు, ఒంట్లో రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా పనిచేస్తాయి అన్నది కారణం. అప్పటికి ఈ సరుకుకి సొంత ప్రమాణమంటూ లేదు, కంపెనీలు ప్రొప్రైటరీ ఫుడ్, అంటే ప్రమాణం లేని సొంత తయారీ ఆహారం, ఖాతాలో అమ్ముకునేవి. కాబట్టి కావాలనుకుంటే ఆపే అధికారం సంస్థ చేతిలో ఉండేది, ఆపింది కూడా.

2016 చివర్లో ఎనర్జీ డ్రింకులకు కెఫినేటెడ్ బెవరేజ్ పేరుతో కొత్త ప్రమాణం వచ్చింది. లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, రోజుకు 500 మి.లీ. దాటి తాగొద్దని, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివాళ్లకు మంచిది కాదని లేబుల్ మీద రాయాలి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ హెచ్చరిక తాగేవాళ్లకే, అమ్మేవాళ్లకు కాదు. సిగరెట్ల విషయంలో 2003 చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదని, స్కూలుకి 100 గజాల్లోపల అమ్మకూడదని కొట్టువాడి మీదే బాధ్యత పెట్టింది. ఇక్కడ పిల్లలకు మంచిది కాదని సర్కారే ఒప్పుకుని, ఆ మాట చదువుకుని మానేసే పని ఐదో తరగతి పిల్లవాడికి వదిలేసింది. ఇప్పుడు జరుగుతున్న గొడవంతా ఈ ఒక్క ఖాళీలోంచి వచ్చిందేనని నా నమ్మకం.

అప్పటిదాకా ఎనర్జీ డ్రింక్ అంటే వంద రూపాయల దగ్గర పలికే సన్నటి డబ్బా, పబ్బుల్లోనూ ఐటీ ఆఫీసుల్లోనూ కనిపించేది. ప్రమాణం వచ్చాక కొన్నేళ్లలోనే పెప్సీ వాళ్ల స్టింగ్ 250 మి.లీ. ప్లాస్టిక్ బాటిల్‌లో 20 రూపాయలకు ఊరి బడ్డీకొట్టు దాకా వచ్చింది, 2022లో థమ్స్ అప్ పేరుతో ఛార్జ్‌డ్ దిగింది. కూల్ డ్రింకుల ఫ్రిజ్‌లో మామూలు సోడాల పక్కనే ఉంటుంది, రంగు బాగుంటుంది, తియ్యగా ఉంటుంది, పాకెట్ మనీకి అందుతుంది.

కంపెనీలు చెప్పేది మేం పరిమితి దాటలేదు, హెచ్చరిక వేశాం, కప్పు కాఫీలో ఇంతకంటే ఎక్కువ కెఫీన్ ఉంటుంది అని. లెక్క ప్రకారం అబద్ధం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 150 మి.లీ. డికాక్షన్ కాఫీకి 80 నుంచి 120 మిల్లీగ్రాములని రాశారు, ఈ చిన్న బాటిల్‌లో చట్టప్రకారం గరిష్ఠంగా 75.

కానీ పెద్దవాళ్ల కాఫీ లెక్క పిల్లలకు ఎలా కుదురుతుంది? పిల్లల విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 30 కిలోల పిల్లవాడికి 90. ఒక బాటిల్‌తో అంచుకు వస్తాడు, ఆటల పీరియడ్ అయ్యాక దాహంతో రెండోది ఎత్తాడంటే 150. లోపలికెళ్లిన కెఫీన్‌లో సగం తగ్గడానికి పెద్దవాళ్లకే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే పరీక్షలకని సాయంత్రం ఏడింటికి తాగిన ఇంటర్ పిల్లకి అర్ధరాత్రికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టదు, పొద్దున నీరసం, ఆ నీరసానికి మళ్లీ ఇంకొకటి. గుండె దడ, చేతులు వణకడం, బీపీ పెరగడం, దీనికి తోడు చక్కెర. గుండె లయలో పుట్టుకతోనే లోపం ఉండి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియని పిల్లలు కూడా ఉంటారు, నా భయమంతా వాళ్ల గురించే. అమెరికాలో 2019లో బయటికొచ్చిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న 34 మంది యువతకి లీటరు కంటే కాస్త తక్కువ ఎనర్జీ డ్రింక్ తాగిస్తే, గుండె కొట్టుకునే విద్యుత్ లయలో క్యూటీ అనే వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, పెరిగి గంటల తరబడి అలాగే ఉంది. ఆరోగ్యవంతులకే అలా ఉంటే!

నిబంధనలు అసలు లేవనీ కాదు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్నవి స్కూల్లోనూ గేటు నుంచి 50 మీటర్లలోపలా అమ్మకూడదని 2020లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నోటిఫై చేసింది. చక్కెరున్న ఎనర్జీ డ్రింకులు దానికిందికి రావాల్సిందే. మీ పిల్లల స్కూలు గేటు ముందున్న కొట్టు ఎంత దూరంలో ఉందో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో వీటిని పాన్ మసాలా లాంటి వాటికి పెట్టిన 40 శాతం శ్లాబులోకి చేర్చారు. పన్ను వేసేటప్పుడు హానికరమైన సరుకని తెలిసినవాళ్లకు, పదేళ్ల పిల్లవాడికి అమ్మేటప్పుడు తెలియదా?

ఇప్పుడు అడుగుతున్నది మొత్తం నిషేధం కాదు. 2016 ప్రమాణంలో లేబుల్‌కి పరిమితం చేసిన ఆ వాక్యాన్ని అమ్మకం షరతుగా మార్చమని, వయసు అడగకుండా అమ్మితే కొట్టుకీ, సరుకు పంపిన డీలర్‌కీ జరిమానా పడేలా చేయమని.