పటం మీద పచ్చరంగు

చిన్నారులకు,

మీ ఉత్తరం, దాంతోపాటు మీరు గీసిన ఊహాదేశం పటం అందాయి. వంద గడుల్లో ముప్పైకి పచ్చరంగు పూసి, "తాతయ్యా, అడవులకి ఇంత చాలా?" అని అడిగారు. ముప్పై అనే లెక్క మీది కాదని నాకు తెలుసులెండి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచదేశాలు కూర్చుని, 2030 కల్లా నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం కాపాడాలని ఒప్పుకున్నాయి. అప్పటికి నేల మీద దాదాపు 17 శాతం, సముద్రంలో 8 శాతమే రక్షణలో ఉన్నాయి.

పటాన్ని కాస్త దూరంగా పెట్టి చూడండి. మీ పచ్చగడులన్నీ కొండల మీదే ఉన్నాయి! నవ్వొచ్చింది, ఎందుకంటే పెద్దవాళ్లూ అచ్చం ఇదే చేశారు. దున్నడానికి పనికిరాని రాళ్లూ మంచూ ఉన్నచోట పార్కు పెడితే ఎవరూ పేచీ పెట్టరు కదా. పల్లపు అడవులు, గడ్డిమైదానాలు, చిత్తడినేలలు మాత్రం వెనకబడిపోయాయి. వాటిలో బతికే జీవులు చాలావరకు కొండెక్కి బతకలేవు.

ఇంకొకటి. మీ గడులు ఒకదానికొకటి తగలడం లేదు. అది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే పనామా వెళ్లాలి. అక్కడ ఓడలు వెళ్లే కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టారు. సరస్సు నిండేసరికి ఒక కొండ నీళ్ల మధ్య దీవిగా మిగిలింది. పేరు బారో కొలరాడో, విస్తీర్ణం సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1923లో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. అడవి నిలిచింది. అయినా ఏళ్లు గడిచేకొద్దీ పదుల సంఖ్యలో పక్షిజాతులు అక్కణ్ణుంచి మాయమయ్యాయి. రెక్కలున్నాయిగా, అవతలి ఒడ్డు నుంచి కొత్తవి రావచ్చుగా అంటారా? ఆ సరస్సులోనే పరిశోధకులు కొన్ని అడవిపక్షులను పడవలో తీసుకెళ్లి, ఒడ్డుకు వంద మీటర్ల దూరంలో వదిలి చూశారు. కొన్ని జాతులు ఆ కాస్త దూరమూ దాటలేకపోయాయి. చెట్ల నీడలో కొమ్మ నుంచి కొమ్మకు గెంతే పక్షికి వంద మీటర్ల నీళ్లంటే మహాసముద్రమే.

పొలాల మధ్య, హైవేల మధ్య చిక్కిన అడవిముక్క కూడా అలాంటి దీవే. అందుకే కొత్త గడులకు రంగు వేయడం కన్నా రెండు పాత గడుల్ని కలిపే సన్నటి దారి ఒక్కోసారి ఎక్కువ పనిచేస్తుంది. భూటాన్ 1999లో తన పార్కుల్ని కలిపే కారిడార్లను ప్రకటించింది. కెనడాలోని బాన్ఫ్‌లో హైవే మీదుగా జంతువుల కోసం మట్టి పోసి, మొక్కలు నాటి వంతెనలు కట్టారు. కింద సొరంగాలు కూడా ఉన్నాయి. ఎలుగుబంట్లు వెంటనే నమ్మలేదట, వాటికి అలవాటు పడడానికి కొన్నేళ్లు పట్టింది. హైవే పక్కన వేసిన కంచె, ఈ వంతెనలు కలిసి అక్కడ జంతువుల్ని వాహనాలు గుద్దడం బాగా తగ్గించాయి.

మీ పటంలో మనుషులు లేరు. ఇది మీ తప్పు కాదు. 1872లో అమెరికాలో యెల్లోస్టోన్ పార్కు ఏర్పడినప్పుడు పెద్దలూ వాళ్లని మరిచిపోయారు. నిజానికి మరిచిపోవడం కూడా కాదు, తరతరాలుగా అక్కడ తిరిగిన ఆదివాసులను ఆ తర్వాత బయటకు నెట్టేశారు. మాంట్రియల్ ఒప్పందంలో మూలవాసుల హక్కులను గౌరవించాలని రాశారు. ఎంతవరకు పాటిస్తారో చూడాలి. అడవిలో ఏ జంతువు ఎప్పుడు ఎటు వెళ్తుందో వాళ్లకు తెలిసినంత ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదని నా నమ్మకం.

మళ్లీ గీస్తారా? ఈసారి రంగు తర్వాత, ముందు పెన్సిల్‌తో నదులు, రోడ్లు, ఊళ్లు గీయండి. ఎండలు ముదిరితే చల్లదనం కోసం పైకి పోయే జీవులకు పల్లం నుంచి కొండ దాకా ఒక దారి వదలండి. ముప్పై గడులకి బదులు ఇరవై ఎనిమిదే వచ్చినా పంపండి, చూస్తాను.

మీ తాతయ్య